వానలు పడ్డాక బావి నీళ్లకు ఒక చిన్న పరీక్ష

బావి, బోరు నీళ్లు తాగేవాళ్లు వానాకాలంలో తప్పకుండా హెచ్‌టూఎస్ సీసాతో (మలం కలిసిన నీళ్లు పోస్తే నల్లబడే మందున్న చిన్న సీసా) పరీక్ష చేసుకోండి. నీళ్లు ఎంత తేటగా ఉన్నా, పక్కనున్న మరుగుదొడ్డి గుంత నుంచి మురుగు దిగిందేమో కంటికి తెలీదు. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే ప్రచురించిన పద్ధతి ఇది. ఖర్చూ తక్కువే.

సీసా లోపల వేలు తగలకుండా గుర్తు దాకా నీళ్లు పట్టండి. మూత బిగించి, ఎండ పడని వెచ్చని చోట 24 నుంచి 48 గంటలు ఉంచండి. మలంతో వచ్చే కొన్ని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టూఎస్) వాయువును విడుదల చేస్తాయి. అది సీసాలోని ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది.

నలుపు వస్తే టెన్షన్ పడకండి, కానీ ఆ నీళ్లు అలాగే తాగొద్దు. తెర్లేదాకా కాచి చల్లార్చుకోండి. బావిలో బ్లీచింగ్ పౌడర్ వేయించి, క్లోరిన్ వాసన పూర్తిగా పోయాక మళ్లీ పరీక్షించండి. క్లోరిన్ ఉండగా చేస్తే ఫలితం నమ్మలేం. పట్టిన వెంటనే నల్లబడితే మాత్రం హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్లలో ముందే ఉందేమో చూడాలి, ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది.

రంగు మారలేదంటే అన్ని విధాలా మంచి నీళ్లని కాదు. ఫ్లోరైడ్, నైట్రేట్ దీనికి దొరకవు. నల్గొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్ పరీక్ష వేరుగా చేయించాల్సిందే.

వాడిన సీసాలో క్రిములు బాగా పెరిగి ఉంటాయి. పిల్లలకు అందనివ్వకండి. బ్లీచింగ్ నీళ్లు పోసి కాసేపు ఉంచాకే పారేయండి.