చలికాలం చలెందుకు? టార్చి, గళ్ల పుస్తకంతో పిల్లలకు చూపించండిలా

చలికాలంలో సూర్యుడు దూరంగా వెళ్లిపోతాడని చెప్పేస్తే పిల్లలు వెంటనే నమ్ముతారు. కానీ అది తప్పు. భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదటి వారంలోనే: సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జులై మొదట్లో ఆ దూరం 15.2 కోట్లు. చలికి కారణం ఎండ ఏటవాలుగా పడటం. ఐదారేళ్ల వాళ్లకు ఇది చెబితే ఎక్కదు, కళ్లకు కనబడాలి.

లెక్కల గళ్ల కాగితాన్ని పరీక్ష అట్టకు బిగించండి. గది చీకటి చేసి, 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి టార్చి నిటారుగా వేయండి. వెలుగు అంచు పెన్సిలుతో గీసి, లోపలి గళ్లు పిల్లల చేతే లెక్కపెట్టించండి. ఇప్పుడు టార్చి కదపకుండా అట్టనే బాగా వాల్చండి. వెలుగు కోడిగుడ్డులా సాగుతుంది, గళ్లు పెరుగుతాయి, వెలుగు పలచబడుతుంది. "అదే వెలుగుని ఇన్ని గళ్లు పంచుకున్నాయి" అంటే చాలు. వాల్చేటప్పుడు అట్ట మధ్యభాగం టార్చికి దూరం జరగకూడదు. జరిగితే పిల్లలు మళ్లీ "దూరమైంది కదా" అంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. ఫోన్ లైటుకు అంచు తెలియదు కాబట్టి దానికి నల్ల చార్టు గొట్టంలా చుట్టండి.

తర్వాత ఎండలోకి. హైదరాబాదులో డిసెంబరు 22 ప్రాంతంలో మధ్యాహ్నం 12:15కి 30 సెంటీమీటర్ల స్కేలు నిలబెడితే నీడ దాదాపు 26 సెంటీమీటర్లు. మే 9 ప్రాంతంలో అదే వేళకు నీడ ఉండీ లేనట్టే. నీడ ఎంత పొడుగైతే ఎండ అంత ఏటవాలుగా పడుతున్నట్టు. స్కేలు ఒరిగితే కొలత పోతుంది. పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీసి సరిచూడండి.

ఏడెనిమిదేళ్ల వాళ్లయితే బత్తాయికి పుల్ల గుచ్చి, కాస్త వాల్చి (భూమి వాలు 23.5 డిగ్రీలు), అంతే ఎత్తులో ఉన్న బల్బు చుట్టూ తిప్పొచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు: పుల్ల పైకొసను ఎప్పుడూ బల్బు వైపే వంచుతారు. అలా చేస్తే మనకు చలికాలమే రాదు! గోడ మీద ఒక గుర్తు పెట్టి, బల్బు చుట్టూ ఎటు నడిచినా కొసను ఆ గుర్తు వైపే ఉంచండి.

"మధ్యాహ్నం ఎండగానే ఉంది, తెల్లారుజామునే ఎందుకంత చలి?" అని తప్పకుండా అడుగుతారు. హైదరాబాదులో జూన్ పగలు 13 గంటల పైనే, డిసెంబరులో 11 మాత్రమే. పగలు తక్కువ వేడెక్కిన నేల, పొడుగాటి రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటుంది. మబ్బు లేకపోతే ఇంకా త్వరగా చల్లబడుతుంది.