నార్మన్ల కొయ్యకోట దిబ్బను పరిశీలించే పద్ధతి

ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చి 1066లో ఇంగ్లండును గెలుచుకున్న నార్మన్లు, ఓడిన జనం తిరగబడేలోగా తమ పట్టు బిగించుకోవడానికి, చాలాచోట్ల రాయి కోసం ఆగకుండా మట్టితోనూ కొయ్యతోనూ కోటలు లేపారు. చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టిని నడుమ గుట్టగా పోసి, పైభాగాన్ని చదును చేసి, అంచున కొయ్యల దడి కట్టి, మధ్యలో బురుజు నిలిపేవారు. పక్కనే మట్టికట్టా మరో కందకమూ ఉన్న విశాలమైన ఆవరణలో మనుషులు, గుర్రాలు, ధాన్యం ఉండేవి. ఆ గుట్టను మోట్ అని, ఆవరణను బెయిలీ అని అంటారు. మన మోటబావికీ ఈ మాటకూ సంబంధం లేదు. ఆంగ్లంలో కందకాన్ని చెప్పే మాట మాత్రం ఈ గుట్ట పేరు నుంచే వచ్చింది. గోతిలోని మన్నే గుట్ట అయింది కనుక, పేరు అటు జారడంలో వింతేమీ లేదు.

కొయ్య కుళ్లిపోయింది, లేదా కాలిపోయింది, లేదా తర్వాత వచ్చిన రాతిగోడలకు చోటిచ్చింది. ఇప్పుడు కనిపించేది గడ్డి కప్పిన మన్ను మాత్రమే. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు సెలవు రోజున ఇలాంటి చోటికి వెళ్లి, చూడటానికి ఏమీ లేదనుకుని ఐదు నిమిషాల్లో వెనుదిరగడం మామూలే. ఓరుగల్లు మట్టికోట కట్ట మీద నడిచినవారికి మన్ను కూడా కోటేనని వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ చెప్పదలచిన పద్ధతి అంతా ఒక్క మాట మీద నిలుస్తుంది: దిబ్బ ఎక్కడం చివరికి పెట్టుకోండి, ముందు కందకం వెంట నడవండి.

బయలుదేరే ముందు బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటం తెరవండి. పురాతన స్థలాల పేర్లను అందులో పాతకాలపు లిపిలో ముద్రిస్తారు కనుక మోట్ అన్న మాట ఇట్టే కంటపడుతుంది. ఏటవాలును చూపే చిన్న గీతల లావుపాటి కొన ఎత్తు వైపు, సన్నని కొన పల్లం వైపు ఉంటుందని గుర్తుంచుకుంటే, ఏది కట్టో ఏది గొయ్యో తడబడకుండా తెలుస్తుంది. ఇంగ్లండులో పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే లైడార్ చిత్రాలు ఇంకా ఉపయోగకరం. విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన ఆ చిత్రాల్లో చెట్లను తొలగించి ఉత్త నేలను చూడవచ్చు కాబట్టి, పొదల్లో దాగిన ఆవరణ కట్ట కూడా బయటపడుతుంది. చాలా దిబ్బలు సొంత పొలాల్లో ఉన్నాయి. కాలిబాట లేనిచోట యజమాని అనుమతి అడగాలి.

వెళ్లడానికి జనవరి, ఫిబ్రవరి నెలలే మేలని నా అభిప్రాయం. అప్పుడు గడ్డి పొట్టిగా ఉంటుంది, సూర్యుడు మధ్యాహ్నం కూడా కిందనే ఉంటాడు, జానెడు ఎత్తు కట్ట కూడా పొడవాటి నీడ పరుస్తుంది. వేసవిలో అదే చోట దురదగొండి మొక్కలు మోకాలి దాకా పెరిగి, నేల ఒంపును కనబడనివ్వవు.

మొదటిసారి చూడటానికి నార్ఫక్‌లోని థెట్‌ఫర్డ్ మంచి చోటు. ఊరి పార్కులోనే ఉంది, అందరికీ ప్రవేశం ఉంది, దిబ్బ ఎత్తు దాదాపు 19 మీటర్లు, ఎక్కడానికి మెట్లున్నాయి. అయినా మెట్ల వైపు వెళ్లకుండా కందకంలోకి దిగి దిబ్బను ఒక చుట్టు చుట్టండి. ఎక్కడ లోతుగా ఉంది, ఎక్కడ పూడింది, బయటి గట్టు మీద మన్ను పోసి ఎత్తు పెంచారా అన్నవి ఆగి ఆగి చూడండి. ఉత్తరం వైపు వరుసగా కనిపించే పెద్ద కట్టలు నార్మన్లవి కావు. అవి ఇనుప యుగం నాటి కోటవి. తయారుగా ఉన్న ఆ రక్షణ లోపల నార్మన్లు తమ దిబ్బను పోసుకున్నారు.

తర్వాత ఆవరణను వెతకాలి. ఒంటరి దిబ్బ ఏదైనా కావచ్చు: కంచు యుగపు సమాధి, గాలిమర నిలిపిన గుట్ట, జమీందారు తోటలో షికారు కోసం పోయించిన మెట్ట. పక్కన కట్ట, కందకం ఉన్న ఆవరణ ఆనవాలు దొరికితే కోట అన్న అనుమానం బలపడుతుంది. అక్కడ కూడా తొందరపడకూడదు. విల్ట్‌షైర్‌లోని మార్ల్‌బరో దిబ్బను నార్మన్లు కోటగా వాడుకున్నా, లోపలి మట్టిని పరీక్షిస్తే అది క్రీ.పూ. 2400 ప్రాంతానిదని తేలింది. యార్క్‌షైర్‌లోని స్కిప్‌సీ దిబ్బ ఇనుప యుగానిదని 2016లో వెల్లడైంది. పై ఆకారం చూసి వయసు చెప్పడం పండితులకే సాగలేదు.

ఆవరణ కట్టలో తెగిన చోట్లను జాగ్రత్తగా చూడండి. పాత ద్వారమైతే కట్ట కొసలు గుండ్రంగా ముగుస్తాయి, దానికి ఎదురుగా కందకాన్ని తవ్వకుండా వదిలిన నేల దారిలా ఉంటుంది. ట్రాక్టరు కోసం ఈమధ్య కొట్టిన సందైతే అంచులు కరుకుగా ఉండి, అక్కడి మన్ను కందకంలోకి తోసినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కండి, ఎత్తు కొలుస్తూనే ఎక్కండి. ఫోనులో సమతలాన్ని చూపే లెవెల్‌ను కంటి ముందు సమంగా పట్టుకుని ఎదురుగా చూస్తే, మీ చూపు ఏటవాలు మీద ఒకచోట తగులుతుంది. ఆ చోటికి ఎక్కి నిలబడి మళ్లీ చూడాలి. నేల నుంచి మీ కంటి ఎత్తు ఒకటిన్నర మీటర్లయితే, థెట్‌ఫర్డ్‌లో ఇలా పన్నెండు పదమూడు సార్లు చేయవలసి వస్తుంది. పైకి చేరాక చదును ఎన్ని అంగలుందో దాటి చూడండి. నడుమ గొయ్యి ఉండి, ఒక పక్క మన్ను కుప్పగా పడి ఉంటే, అది నిధి కోసం ఎవరో తవ్విన పాత గుంత కావచ్చు.

పైన ఏముండేదో ఊహించడానికి ఆధారాలున్నాయి. సర్రీలోని అబింజర్ దిబ్బ మీద 1949లో జరిగిన తవ్వకంలో అంచు వెంట దడి గుంజలు పాతిన గుంతలు, మధ్యలో చిన్న చదరపు బురుజు గుంతలు బయటపడ్డాయి. వేల్స్ సరిహద్దులోని హెన్ డొమెన్‌ను 1960 నుంచి 1992 దాకా ఓపికగా తవ్వారు. ఆ పేరుకు వెల్ష్ భాషలో పాత దిబ్బ అని అర్థం. 1070ల తొలినాళ్లలో నార్మన్ ప్రభువు రోజర్ ఆఫ్ మాంట్‌గమరీ కట్టించిన ఆ కోట ఆవరణ ఖాళీ మైదానం కాదని, కొయ్య ఇళ్లతో కిక్కిరిసి ఉండేదని, వాటిని పడగొట్టి మళ్లీ మళ్లీ కట్టారని అప్పుడు తెలిసింది. కట్ట కింద అంతకుముందు దున్నిన పొలం చాళ్లు కూడా దొరికాయి. ఎవరి చేనో తెలియదు, పంట మాత్రం అక్కడితో ఆగిపోయింది.

ఈ దిబ్బలలో చాలావాటికి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం రక్షణ ఉంది. అలాంటి చోట గుంజ పాతడానికి కూడా అనుమతి కావాలి. లోహాలను పసిగట్టే యంత్రాన్ని లిఖిత అనుమతి లేకుండా వాడితే నేరం. ఏటవాలుకు అడ్డంగా జారుతూ దిగకండి. గడ్డి ఒకసారి చిరిగితే వాన మిగతా పని చేస్తుంది.

దిగాక ఒక కాగితం మీద అంగల లెక్కతో నక్షా గీయండి. ఇంటికి వచ్చి దాన్ని లైడార్ చిత్రం పక్కన పెట్టి, రెండూ పొసగని చోట గుర్తు పెట్టుకోండి. మళ్లీ వెళ్లవలసింది అక్కడికే. సాధారణంగా అది ఆవరణ కట్ట పొలంలోకి దిగి మాయమైన మూల అయి ఉంటుంది.