బీరు మార్కెట్ లెక్కలు చదవడం – 3వ పాఠం: వాపేది, బలుపేది?

కిందటి పాఠంలో ప్రాంతాలవారీ పట్టిక వేసుకున్నాం. ఇప్పుడు అందులోంచి కంపెనీల కొనుగోళ్ల వల్ల వచ్చిన వాపును తీసేయాలి. ఇది చేయకుండా ఏ ప్రాంతంలో అమ్మకాలు పెరిగాయో చెప్పబూనితే తప్పు చెబుతాం.

ముందు కొలత సరిచూసుకోండి. ప్రపంచ కంపెనీల లెక్క హెక్టోలీటర్లలో ఉంటుంది, అంటే 100 లీటర్లు. విశాఖలో షాపు లెక్క కేసుల్లో ఉంటుంది. 650 మి.లీ. సీసాలు 12 ఉన్న కేసు 7.8 లీటర్లు, 500 మి.లీ. క్యాన్లు 24 ఉన్న కేసు 12 లీటర్లు. రెండూ "కేసు" అనే రాస్తారు కాబట్టి ఒకే వరుసలో కూడితే క్యాన్ల అమ్మకం మూడో వంతుకు పైగా తగ్గి కనిపిస్తుంది. లీటర్లలోకి మార్చాకే కూడండి.

ఇక అసలు విషయం. బీరు కంపెనీ ఏబీ ఇన్‌బెవ్ 2016 అక్టోబరులో ఇంకో పెద్ద బీరు కంపెనీ శాబ్‌మిల్లర్‌ను కొనేసింది. ఆ ఏడాది దాని అమ్మకం సుమారు 50 కోట్ల హెక్టోలీటర్లు, 2017లో సుమారు 61 కోట్లు. చూడటానికి 22 శాతం పెరుగుదల. రెండేళ్లకూ శాబ్‌మిల్లర్‌ను కలిపి పోల్చితే మిగిలింది 0.2 శాతమే. తాగేవాళ్లు దాదాపు అంతే ఉన్నారు, లెక్క రాసే పుస్తకం మారింది.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం బంటుపల్లిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ కర్మాగారం ఉంది. 2021 జూన్‌లో ఆ కంపెనీలో డచ్ బీరు కంపెనీ హైనెకెన్ వాటా 46.5 నుంచి 61.5 శాతానికి చేరింది. సగం దాటాక యునైటెడ్ బ్రూవరీస్ బీరంతా హైనెకెన్ ఆసియా వరుసలోకి వెళ్లింది. అది 2021 రెండో సగంలో మొదలైంది కనుక వాపు రెండేళ్లు కనిపిస్తుంది. 2022 మొదటి సగాన్ని 2021 మొదటి సగంతో పోల్చినప్పుడు పాత అంకెలో కింగ్‌ఫిషర్ లేదు, కొత్తదాంట్లో ఉంది. చాలామంది కొన్న ఏడాది సరిచేసి, తర్వాతి ఏడాది వదిలేస్తారు. పైగా 2022లో కోవిడ్ నుంచి కోలుకున్న అమ్మకం కూడా కలిసింది. దాన్ని వేరే గడిలో గుర్తు పెట్టుకోండి.

సరిచేసే పద్ధతి ఊహాంకెలతో చూడండి. ఒక కంపెనీ నిరుడు 200 అమ్మింది. జులై 1న ఇంకో కంపెనీని కొంది. ఈ ఏడాది 236 చూపించింది. కొన్న కంపెనీ నిరుడు మొత్తం 60 అమ్మింది, అందులో జులై–డిసెంబరు అమ్మకం 28. ఈ ఏడాది ఎన్ని నెలలు కలిసిందో నిరుడు అవే నెలలను పాత అంకెకు కలపాలి: 200 + 28 = 228. 236ను దాంతో పోల్చితే 3.5 శాతం. పైకి కనిపించేది 18 శాతం.

28 బదులు 60లో సగమని 30 వేస్తే 2.6 శాతమే వస్తుంది. మన దగ్గర ఏప్రిల్–జూన్ ఎండలకు అమ్మకం మొదటి సగంలోనే బరువుగా ఉంటుంది, అందుకే సగానికి సగం అని పంచకూడదు. నెలవారీ అంకెలు దొరకకపోతే మూడు నెలల నివేదికలైనా తెచ్చుకోండి.

అమ్మేసిన కంపెనీకి ఇదే తిరగేసి చేయాలి: ఈ ఏడాది లేకుండా పోయిన నెలల అమ్మకాన్ని పాత అంకెలోంచి తీసేయాలి. శాబ్‌మిల్లర్ కొనుగోలుకు అనుమతి రావడానికి అమెరికాలోని మిల్లర్‌కూర్స్ అనే బీరు కంపెనీలో శాబ్‌మిల్లర్‌కు ఉన్న 58 శాతం వాటాను 1,200 కోట్ల డాలర్లకు మరో బీరు కంపెనీ మోల్సన్ కూర్స్‌కు ఇచ్చేశారు. మోల్సన్ కూర్స్ పుస్తకంలో ఉత్తర అమెరికా ఒక్కసారిగా ఉబ్బింది. అక్కడ బీరు అమ్మకాలు మాత్రం ఉబ్బలేదు.

అభ్యాసం: ఒక కంపెనీ నిరుడు 150, ఈ ఏడాది 144 అమ్మింది. అక్టోబరు 1న ఒక విభాగాన్ని అమ్మేసింది. ఆ విభాగం నిరుడు 38 అమ్మగా, అక్టోబరు–డిసెంబరులో 9 ఉంది. అసలు వృద్ధి ఎంత? 2.1 శాతం రావాలి. 28 శాతం దాటి వచ్చిందంటే 9 బదులు 38 తీసేశారన్నమాట.