వారం వారం మీటింగ్ పెడుతున్నా బిల్డింగ్ సైటులో పని కదలడం లేదా?

ముందు చూడాల్సింది

మీటింగ్‌లో రాసుకున్న నోట్సు బయటికి తీయండి. ప్రతి పని పక్కన ఒక్క మనిషి పేరు, ఒక తేదీ ఉన్నాయా? "ఎలక్ట్రికల్ వాళ్లు" అని రాస్తే ఎవరూ చేయరు. రెండు నిమిషాల్లో తేలిపోయే ఈ సంగతి వదిలేసి కొత్త యాప్ కొనడానికి పరిగెడుతుంటారు. దయచేసి ముందు ఇది చూడండి.

పేరూ తేదీ ఉన్నా పని ఆగుతోందా?

గత మూడు వారాల నోట్సు పక్కపక్కన పెట్టండి. ఒకే లైను తేదీ మార్చుకుని మూడుసార్లూ కనిపిస్తే, ఆ పనికి సరే అనాల్సిన మనిషి మీటింగ్‌లో లేడేమో చూడండి. ఇది చప్పున దొరకదు, ఎందుకంటే మీటింగ్ బాగానే జరిగినట్టుంటుంది.

విజయవాడ దగ్గర పోరంకిలో ఒక అపార్ట్‌మెంట్ లేస్తోందనుకోండి. "లిఫ్ట్ కంపెనీ ఖరారు" అన్నది సైట్ ఇంజనీరు పేరు మీద ఉంటుంది. కొటేషన్లు తెచ్చేది ఆయనే గానీ, ఖరారు చేసేది వన్‌టౌన్‌లో షాపు చూసుకునే ఓనరు. కంపెనీ డ్రాయింగ్ వస్తేగాని లిఫ్ట్ పిట్ (లిఫ్ట్ అడుగున వదిలే గుంట) లోతు తేలదు, అది తేలందే పునాదిలో ఆ భాగానికి స్టీలు కట్టలేరు. స్టీలు కట్టించే రాడ్‌బెండింగ్ మేస్త్రి తన మనుషుల్ని వేరే సైటుకు పంపేస్తాడు. తర్వాత ఓనరు సరే అన్నా వాళ్లు వెంటనే రారు.

ఆ లైనును రెండుగా విడగొట్టండి: కొటేషన్లు, ఇంజనీరు, బుధవారం. ఎంపిక, ఓనరు, శుక్రవారం సాయంత్రం 5. "ఏం చేద్దామండీ?" అని అడగొద్దు. రెండు కంపెనీలు, రెండు ధరలు పంపి, "శుక్రవారం లోపు చెప్పకపోతే సోమవారం స్టీలు పని ఆగుతుందండీ" అని రాయండి. ఆయన రాలేకపోతే మీటింగ్ మొదటి పది నిమిషాలు స్పీకర్‌ఫోన్‌లో ఉంచి, ఆయన తేల్చాల్సినవే ముందు తీయండి. తర్వాత ఫోన్లో ఏం మారినా అదే రోజు నోట్సులో దిద్ది మేస్త్రిలకు చదివి వినిపించాలి. లేకపోతే పాత కొలతకే సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) కొట్టేస్తారు.

మిగతావి

మేస్త్రిలు నోరు విప్పడం లేదంటే, మీటింగ్ శనివారం కూలి డబ్బుల బట్వాడా వేళకు పడిందేమో చూసి ఉదయానికి మార్చండి. వారం మీటింగ్ కాక రోజువారీ మీటింగ్ కూడా ఉండి, అది సాగిపోతుంటే 15 నిమిషాలకు ఆపేయండి. స్క్రమ్ అనే పని పద్ధతి పాటించే సాఫ్ట్‌వేర్ టీములకూ అదే హద్దు.

ప్లంబరు, ఎలక్ట్రీషియను పడకపోవడం వల్ల పని ఆగడం అరుదు. ఆగితే, శ్లాబుకు స్టీలు పరవకముందే ఇద్దర్నీ సెంట్రింగ్ మీద నిలబెట్టి ఎవరి పైపు ఎటు వెళ్తుందో సుద్దతో గీయించండి.