షార్ట్ సేల్‌లో క్లోజింగ్ ఖర్చులు ఎవరివో ముందే ఎలా తేల్చుకోవాలి?

అమెరికాలో ఉద్యోగం పోయి నెలవారీ వాయిదాలు ఆగిపోతాయి. ఇల్లు అమ్మేద్దామంటే వచ్చే ధర అప్పుకి కూడా చాలదు. అలాంటప్పుడు లోన్ ఇచ్చిన లెండర్ ఒప్పుకుంటే, బాకీ కన్నా తక్కువ ధరకే ఇల్లు అమ్మి బయటపడొచ్చు. దీన్నే షార్ట్ సేల్ అంటారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఏజెంట్ కమిషన్ ఎలా, ట్యాక్స్ ఎలా అన్న టెన్షన్ అప్పుడే మొదలవుతుంది.

అమ్మకం పూర్తయ్యే రోజుని క్లోజింగ్ అంటారు, ఆ రోజు తీర్చాల్సిన ఫీజులు, పన్నులే క్లోజింగ్ ఖర్చులు. సాధారణంగా అమ్మేవారి ఖర్చులు అమ్మకం సొమ్ములోంచే పోతాయి. ఆ మేరకు లెండర్‌కి తక్కువ ముడుతుంది. కొనేవారి ఖర్చులు కొనేవారే కట్టుకుంటారు. అయితే లెండర్ ఈ రోజు భరించిన ఖర్చు రేపు మీ మీద బాకీగా తిరిగి రావచ్చు. ఈ విషయం చాలామందికి ఎవరూ చెప్పరు.

1. ఎవరి ఖర్చు ఏదో రాసుకోండి

అమ్మేవారి వైపు: ఏజెంట్ కమిషన్, ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ (ఇల్లు చేతులు మారినప్పుడు కట్టే పన్ను), క్లోజింగ్ రోజు వరకు పడిన ప్రాపర్టీ ట్యాక్స్, హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) బకాయి, ఎస్క్రో (సొమ్ము మధ్యలో ఉంచుకుని లావాదేవీ పూర్తిచేసే సంస్థ) లేదా అటార్నీ ఫీజు. కొనేవారి వైపు: వారి లోన్ ఫీజులు, అప్రైజల్ (ఇంటి విలువ లెక్కింపు), ఇన్‌స్పెక్షన్, వారి లెండర్ కోసం తీసే టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కులో లోపం బయటపడితే ఆదుకునే బీమా), ఇంటి బీమా. కొత్త యజమాని కోసం తీసే అలాంటి బీమా, అంటే ఓనర్ టైటిల్ పాలసీ, ఎవరు కట్టాలన్నది ఊరి ఆనవాయితీని బట్టి మారుతుంది. మీ టైటిల్ కంపెనీని అడిగితే చెబుతారు.

2. లెక్క వేయండి

ఉదాహరణకి బాకీ 4 లక్షల డాలర్లు, అమ్మకం ధర 3 లక్షల 40 వేలు అనుకుందాం. 6 శాతం కమిషన్ 20,400, ప్రాపర్టీ ట్యాక్స్ 3,000, టైటిల్, ఎస్క్రో కలిపి 3,000, ట్రాన్స్‌ఫర్ ట్యాక్స్ 1,500. మొత్తం 27,900. లెండర్‌కి చేరేది 3,12,100 డాలర్లు. ధరలో తేడా 60 వేలే అయినా, ఖర్చులు కలిసేసరికి తీరని బాకీ 87,900 అయింది. క్లోజింగ్ ఖర్చులు ఎక్కడికీ మాయం కాలేదు, ఆ బాకీలోనే కూర్చున్నాయి.

3. ఖర్చులన్నీ మొదటి రోజే లెండర్ ముందు పెట్టండి

మీ ఇబ్బందిని వివరించే లేఖ, జీతం రసీదులు, రెండేళ్ల ట్యాక్స్ రిటర్నులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కొనేవారి ఆఫర్, వీటితోపాటు అమ్మకం సొమ్ములోంచి ఎవరికి ఎంత పోతుందో చూపే సెటిల్‌మెంట్ అంచనా పత్రం కూడా పంపాలి. ఆ పత్రంలో లేని ఖర్చుకి తర్వాత అనుమతి దొరకడం కష్టం. పాత హెచ్‌ఓఏ బకాయిలు, నీటి బిల్లు లాంటివి మరిచిపోయేవాళ్లు ఎక్కువ. అందుకే టైటిల్ సెర్చ్ (ఇంటి మీదున్న హక్కులు, బకాయిల తనిఖీ) ముందే చేయించుకోమని నా సలహా.

లెండర్ చూసేది ఆఫర్ ధర ఒక్కటే కాదు, ఖర్చులు పోగా తన చేతికి ఎంత వస్తుందన్నది కూడా. కొనేవారు క్లోజింగ్ ఖర్చుల్లో సాయం అడిగితే ఆ మొత్తం కూడా ఇందులోంచే పోవాలి. కాబట్టి లెండర్ కొంత ఒప్పుకోవచ్చు, అసలు ఒప్పుకోకపోవచ్చు.

4. లెండర్ ఇచ్చే అనుమతి లేఖని పదం పదం చదవండి

ఏ ఖర్చుకి ఎంత ఒప్పుకున్నారో, ఏ తేదీలోగా క్లోజ్ చేయాలో ఆ లేఖలో ఉంటుంది. అన్నిటికన్నా ముందు వెతకాల్సింది మిగిలిన బాకీని పూర్తిగా మాఫీ చేస్తున్నామన్న వాక్యం. తనఖా విడుదల చేస్తున్నామని మాత్రమే రాస్తే సరిపోదు. ఇంటి మీద హక్కు వదులుకున్నంత మాత్రాన అప్పు వదిలేసినట్టు కాదు. కాలిఫోర్నియాలో లెండర్ అనుమతితో జరిగిన షార్ట్ సేల్ తర్వాత మిగిలిన బాకీ వసూలు చేయకుండా 2011లో చట్టం వచ్చింది. ఒకటి నుంచి నాలుగు కుటుంబాలుండే ఇళ్లకి అది వర్తిస్తుంది. చాలా రాష్ట్రాల్లో అలాంటి రక్షణ లేదు. మాఫీ వాక్యం లేకపోతే సంతకం పెట్టకముందే అటార్నీకి చూపించండి. ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

మాఫీ చేసిన మొత్తానికి లెండర్ 1099-సి ఫారం పంపుతారు. దాన్ని ఆదాయంగా లెక్కకట్టే అవకాశం ఉంది. సొంతంగా ఉంటున్న ఇంటికి 2007లో వచ్చిన మినహాయింపు పొడిగింపులతో 2025 చివరి వరకు ఉండేది. ఆస్తుల కన్నా అప్పులు ఎక్కువున్నవారికి వేరే మినహాయింపు ఉంది, దాన్ని ఫారం 982లో చూపాలి. సీపీఏతో (అమెరికా పన్నులు చూసే అకౌంటెంట్‌తో) ముందే మాట్లాడండి.

5. లెండర్ కాదన్న ఖర్చుని కూర్చుని సర్దుకోండి

హోమ్ వారంటీ, రిపేర్లు, చెదల మందు లాంటివాటికి లెండర్లు తరచుగా ఒప్పుకోరు. రెండో లోన్ ఉంటే దానికీ కొద్ది మొత్తమే ఇవ్వనిస్తారు. అలాంటప్పుడు ఏజెంట్లు కమిషన్ తగ్గించుకోవచ్చు, కొనేవారు భరించవచ్చు, లేదా మీరే కొంత వేయాలి. 2024 ఆగస్టు నుంచి కొనేవారు తమ ఏజెంట్‌తో ముందే రాతపూర్వక ఒప్పందం చేసుకుంటున్నారు. లెండర్ ఒప్పుకున్న కమిషన్ ఆ ఒప్పందానికి చాలకపోతే తేడా కొనేవారి మీద పడవచ్చు.

ఎవరు కట్టినా అది సెటిల్‌మెంట్ పత్రంలో కనపడాలి. పత్రంలో చూపకుండా పక్కన చేతులు మారే డబ్బు మోసం కిందికి వస్తుంది. బావమరిదికో, స్నేహితుడికో అమ్మి తర్వాత వెనక్కి తీసుకుందామన్న ఆలోచన కూడా వద్దు. అమ్మేవారికీ కొనేవారికీ అలాంటి సంబంధం ఏదీ లేదని లెండర్లు సంతకం చేయిస్తారు.

6. ఇండియాకి తిరిగి వచ్చేశారా?

అమ్మే నాటికి అమెరికా ట్యాక్స్ లెక్కల్లో మీరు నాన్ రెసిడెంట్ అయితే, కొనేవారు సాధారణంగా అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్‌ఎస్‌కి (అమెరికా పన్ను శాఖకి) కట్టాలి. మీకు లాభం రాకపోయినా ఇది వర్తిస్తుంది. కొనేవారు అందులో నివసించబోతూ ధర 3 లక్షల డాలర్లు దాటకపోతే మినహాయింపు ఉంది. పై ఉదాహరణలో 15 శాతం అంటే 51,000 డాలర్లు. సొమ్మంతా లెండర్‌కే పోతుంటే అది ఎక్కడి నుంచి తేగలరు? అందుకే కోత తగ్గించమని ఫారం 8288-బితో క్లోజింగ్ రోజులోపే దరఖాస్తు చేయాలి. జవాబుకి దాదాపు 90 రోజులు పట్టవచ్చు, ఆలోగా అనుమతి లేఖ గడువు దాటిపోవచ్చు. కొనేవారు దొరికి అగ్రిమెంట్ అవగానే ఈ పని మొదలుపెట్టి, గడువు పొడిగించే వీలుందేమో లెండర్‌ని అప్పుడే అడగండి. సంతకాల నోటరీకి హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ కూడా ఆ వారమే తీసుకోండి.