రేసింగ్ లెజెండ్స్ రాకపోతే పోనీ, 1967 కార్లు నడపడం ఇలా నేర్చుకోండి

వెస్ట్ రేసింగ్ వాళ్ళు 2000ల మొదట్లో రేసింగ్ లెజెండ్స్ అని పాత కాలం కార్ల గేమ్ తీస్తామన్నారు, అది బయటికి రానేలేదు. ఇంకా దాని కోసం చూడటం దండగ. అలాంటి డ్రైవింగే కావాలంటే పాపిరస్ వాళ్ళు 1998లో తీసిన గ్రాండ్ ప్రీ లెజెండ్స్ ఉంది కదా, 1967 ఫార్ములా వన్ సీజన్ మొత్తం అందులోనే. ఆ ఏడాది ఫ్రెంచ్ రేస్ నిజానికి లె మాన్‌లో జరిగింది, గేమ్‌లో మాత్రం రూయెన్ ట్రాక్ పెట్టారు, నన్నడిగితే మంచి పనే చేశారు.

గేమ్ పాతది కాబట్టి ఇప్పటి కంప్యూటర్‌లో ఆడాలంటే ఫ్యాన్స్ చేసిన ప్యాచ్‌లు (గేమ్‌ని సరిచేసే చిన్న ఫైళ్ళు) వేసుకోవాలి, అసలు వెర్షన్‌లో సెకనుకి 36 ఫ్రేమ్‌లు దాటదు. వీల్, పెడల్స్ తప్పనిసరి అనే అనుకోండి, కీబోర్డ్‌తో ఏడుపే. స్టీరింగ్ లీనియర్‌గా పెట్టుకోండి, అంటే వీల్ ఎంత తిప్పితే చక్రాలు అదే లెక్కన తిరిగేలా.

మొదటి రోజే లోటస్ 49 అనే కారు ఎక్కకండి. మూడు లీటర్ల కాస్‌వర్త్ ఇంజన్, దాదాపు 400 హార్స్‌పవర్, కారు బరువేమో ఐదొందల కిలోల చిల్లర, కారుని నేలకి అదిమే వింగ్స్ లేవు, ఎక్కువ పట్టిచ్చే నున్నటి స్లిక్ టైర్లు లేవు, గ్యాస్ కొంచెం ఎక్కువ తొక్కితే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. ముందు గేమ్‌లో నేర్చుకోడానికి పెట్టిన ట్రైనర్ కార్లతో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్ ట్రాక్‌లో తిరగండి, ట్రాక్ చిన్నది, త్వరగానే గుర్తుండిపోతుంది.

చేయి కుదిరాక నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్ ట్రాక్‌కి వెళ్ళండి. లోటస్ 49 మొదటి రేసులోనే డ్రైవర్ జిమ్ క్లార్క్ గెలిచింది ఇక్కడే. పొడుగాటి స్ట్రెయిట్ చివర టార్జాన్ అని కుడి వైపు హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగిపోయేంత పెద్ద మలుపు) వస్తుంది, ఈ ఒక్క మలుపు సరిగ్గా వస్తే సగం గేమ్ వచ్చినట్టే. కారు నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ తొక్కండి, ఒక్కసారిగా కాదు, టైర్లు లాక్ అవకుండా. టైర్లు లాక్ అవకుండా చూసే ఏబీఎస్ లాంటిదేం లేదు. ఐదో గేర్ నుంచి ఒక్కొక్కటే దించండి, గబగబా దించితే ఇంజన్ బ్రేకింగ్‌కి వెనక చక్రాలు లాక్ అయ్యి కారు తిరిగిపోద్ది. స్టీరింగ్ తిప్పేటప్పుడు బ్రేక్ మెల్లగా వదులుతూ రండి, కారు లోపలికి తిరిగాక గ్యాస్ కొద్దికొద్దిగా ఇవ్వండి. వెనక భాగం జారుతుంటే భయపడి కాలు పూర్తిగా తీసేయకండి, అప్పుడే స్పిన్ అవుతారు ఎందుకంటే బరువంతా ముందుకి పోయి వెనక పట్టు పోతుంది. కాస్త గ్యాస్ పట్టుకునే ఉండి, స్టీరింగ్ ఎదురు తిప్పండి.

సెటప్‌లో డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకీ పవర్ పంచే భాగం) ఒక్కటి ముట్టుకోండి చాలు, పవర్ సైడ్ (గ్యాస్ తొక్కినప్పటిది) 85, కోస్ట్ సైడ్ (గ్యాస్ వదిలినప్పటిది) 30 పెడితే గ్యాస్ వదిలినప్పుడు కారు కుదురుగా ఉంటుంది, మలుపు తిరగడం కాస్త మొండికేస్తుంది, అది ఓర్చుకోవచ్చు. మిగతావి ల్యాప్‌లు నిలకడగా వచ్చాకే చూడండి. టైర్లు వేడెక్కే దాకా తొందరపడొద్దు.

స్పా, మొనాకో ట్రాక్‌లు అయ్యాకే జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్, అది ల్యాప్‌కి 22 కిలోమీటర్ల పైమాటే, ఒక్క తప్పుకి మళ్ళీ మొదటి నుంచి.