వేలం దాకా ఉంటానా, సిస్టరమ్మా?

టంగుటూరు, కొండపి పల్లెల్లో ఇళ్లకెళ్లి క్యాన్సర్ రోగులను చూసుకునే నర్సుని. ఈ పనికి కొత్తగా వచ్చే పిల్లలకు ముందు గేటు దగ్గర సంగతి చెప్తాను. బండి స్టాండు వేసేలోపే కొడుకో కోడలో ఎదురొస్తారు. "జబ్బు ఇక తగ్గదని నాయనకు చెప్పబాకండి మేడమ్, బెంగతోనే పోతాడు." వాదించొద్దు. నేనైతే, "నా అంతట నేను ఎత్తనయ్యా. ఆయనే అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను" అంటాను. చాలామంది ఒప్పుకుంటారు. లోపల పెద్దాయనకు అంతా తెలిసే ఉంటుంది. కొడుకు తట్టుకోలేడని ఆయన దాస్తుంటాడు.

లోపలికెళ్లాక కూర్చోండి. బీపీ చూస్తూ నిలబడి చెప్పే మాట కాదిది. స్టూలు లేకపోతే మంచం పట్టె మీదైనా సరే. ఫోను సైలెంటులో పెట్టి సంచిలో వెయ్యండి. ముందు మీరు అడగాలి: "పెద్ద డాక్టరు మీకేం చెప్పాడు పెద్దాయనా? మీకేమనిపిస్తా ఉంది?" ఎంత తెలుసో, ఎంత తెలుసుకోవాలనుందో ఆయన మాటల్లోనే బయటపడుద్ది. "అయన్నీ మావాడితో చెప్పమ్మా" అంటే అక్కడితో ఆపండి.

ఇక ఎన్నాళ్లనే ప్రశ్న. మావైపు దాన్ని నెలల్లో ఎవరూ అడగరు. నోటి క్యాన్సరొచ్చిన పొగాకు రైతొకాయన, "ఈసారి వేలం దాకా ఉంటానా సిస్టరమ్మా?" అన్నాడు. అప్పుడు నేను కొత్త. "ఏం కాదు, బేళ్లు మీరే తోలుకెళ్తారు" అనేశాను. 11వ రోజు పోయాడు. బెంగళూరులో ఉండే చిన్నకూతురు శవాన్నే చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడైతే, "వేలం నాటికి ఏం చక్కబెట్టుకోవాలనుంది?" అని అడుగుతాను. అప్పు సంగతి వస్తుంది, కూతురి సంగతి వస్తుంది. అప్పుడు చెప్తాను: "ఫలానా రోజని నాకూ తెలియదు. వారం వారానికీ నీరసం పెరుగుతా ఉంది. నెలలు కాదు, వారాలే అనుకుంటున్నా. చూడాలనుకున్నవాళ్లను ఇప్పుడే పిలిపించండి." ఆ మాటన్నాక నోరు మూసుకుని కూర్చోండి. అదే కష్టం. చేతికేదో పని కావాలనిపిస్తుంది, కట్టు విప్పి చూడబుద్ధవుతుంది. వద్దు.

"ఇంక చేసేదేం లేదు" అని మాత్రం అనొద్దు. జబ్బు తగ్గకపోయినా నొప్పి తగ్గించొచ్చు. మార్ఫిన్ అనే నొప్పి మందిస్తే మత్తుకు అలవాటు పడతాడని ఇంట్లోవాళ్లు మాత్రలు దాచేస్తారు. మార్ఫిన్‌లో మామూలు రకం మాత్రయితే 4 గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా ఇవ్వాలి. విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా తోడుండాలి. ఈ రెండూ ఇంటావిడకు చెప్పి, తిరిగి ఆమె చేత చెప్పించుకోండి.

ఎక్కడ పోవాలనుందో కూడా అడగండి, అద్దింట్లో ఉన్నవాళ్లనైతే మరీను. శవాన్ని గడప దగ్గరికి రానివ్వని ఓనర్లున్నారు. వెంటిలేటరు వద్దనుకుంటే ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీ చేయించుకోవచ్చు. సుప్రీంకోర్టు 2018లో ఒప్పుకుంది, 2023లో ఆ తతంగం తగ్గించింది. పల్లెల్లో ఇది అడిగేవాళ్లు తక్కువే.

బయటికొచ్చేసరికి కొడుకు మళ్లీ గేటు దగ్గరే ఉంటాడు. "ఏమన్నాడు మేడమ్?"

"నిన్ను రమ్మన్నాడు. పోయి కాసేపు కూచో."